ఒంటికన్ను గాడిద

ఫ్రొయిలాన్ కాల్వెతే. ఈ పేరు అన్నిటికన్నా ముందు చెప్పి పెడుతున్నాను. నా భార్య బ్రిహిదాకి ఒక్కగానొక్క తమ్ముడు. ఏళ్ళ తరబడి నా ఇంట్లో తిన్నాడు, నా అచ్చుమర దగ్గర పని నేర్చుకున్నాడు, చలికాలం నా గొంగళి కప్పుకుని గురకపెట్టాడు. నన్ను ముంచడానికి వాడికి కత్తి అక్కర్లేకపోయింది, విషం అక్కర్లేకపోయింది. "పెట్టాను బావా" అన్న ఒక్క మాట సరిపోయింది. దొంగనైనా క్షమించొచ్చు గాని బద్ధకస్తుణ్ణి క్షమించకూడదు. దొంగ కనీసం లేచి కష్టపడతాడు.

సంగతి ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు చేస్తాను. దమాసో మేస్త్రి రాగిరేకు మీద గాడిద బొమ్మ వేశాడు. వేయడమంటే రేకుకి మైనం పట్టించి, సూదితో గీసి, ద్రావకంలో ముంచి, గీత పడ్డ చోటల్లా రాగిని తినిపించడం. న్యాయాధికారి నల్లంగీ తొడుక్కున్న గాడిద పీఠం మీద కూర్చుని మనకేసి చూస్తుంటుంది. మెడలో గడ్డిసంచీ ఉండాల్సిన చోట న్యాయం తూచే తక్కెడ వేలాడుతుంటుంది. జనం వరసలో వచ్చి ఆ తక్కెడలో కోళ్ళూ నూనె జాడీలూ ఇంటి తాళంచెవులూ వేసి పోతుంటారు. గాడిద నములుతూ ఉంటుంది. దానికి ఒక కంట్లో పువ్వు. కింద "ఒక్క కన్ను చాలు" అని రాశాడు మేస్త్రి.

మాడ్రిడ్‌లో కంట్లో పువ్వున్న న్యాయాధికారి ఒక్కడే, డాన్ ఎవరిస్తో మోంతాల్బాన్. ఆయనకి ఎడమ కన్ను పోయింది. మేస్త్రి రేకు మీద ఎడమ కన్నే వేశాడు. కానీ రాగి మీద ఎడమ, కాగితం మీద కుడి అవుతుంది. అచ్చుపనిలో అది ఓనమాలు. కావాలనే అలా వదిలేశాడు ముసలాయన. "ఎవరైనా అడిగితే చెప్పు సెలెదోనియో, ఆ దొరగారి కన్ను ఎడమది, మా గాడిదది కుడిది అని. కాదు, అది తనేనని చెప్పాలంటే ఆ మాట ఆయన నోటితో ఆయనే అనాలి. ఏ న్యాయాధికారి సభలో నిలబడి అయ్యా ఈ గాడిద నేనే అంటాడు?" అని నవ్వాడు. ఆ నవ్వుకి దగ్గు వచ్చింది, దగ్గుకి నెత్తురు వచ్చింది. రాజుగారి న్యాయాధికారిని ఎగతాళి చేసినవాడికి శిక్ష ఆఫ్రికా ఒడ్డున సంకెళ్ళతో రాళ్ళు మోయడం. నేనైతే ఎలాగో మోస్తాను. మేస్త్రి ఆ ఓడ దిగేదాకా కూడా బతకడు. అందుకే ఆయన్ని మా అటక మీద దాచాను.

పోయిన వారం సోదాకి న్యాయాధికారి మనుషులొచ్చారు కదా, అప్పుడే మర మీంచి దిగిన గాడిద అచ్చులు పచ్చిపచ్చిగా బల్లమీద ఉన్నాయి. ఇసిద్రో పునీతుడి పండగకి భక్తసంఘంవాళ్ళు చెప్పిన పునీతుడి బొమ్మలు పక్కనే దొంతరగా ఉన్నాయి. ఫ్రొయిలాన్ ఒక్కో గాడిదనీ ఒక్కో పునీతుడి కిందకి తోసి, పైన చెక్కపెట్టి, చెక్కమీద రాళ్ళు పెట్టాడు. వచ్చినవాళ్ళు పైనున్న పునీతుణ్ణి చూసి శిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోయారు. నేను వాణ్ణి కావలించుకున్నాను. "సిరా పచ్చిగా ఉంది కదరా, మధ్యలో అద్దుడు కాగితాలు పెట్టావా?" అనడిగాను. "పెట్టాను బావా. నేనేమైనా నిన్న పుట్టానా?" అన్నాడు. తర్వాత గాడిదల్ని వేరుచేసి, పునీతుల్ని కట్టలు కట్టిందీ వాడే.

ఇక పండగ రోజు పొద్దున.

ఊరు ఊరంతా నది దాటి పునీతుడి మైదానానికి వెళ్ళిపోయింది. మా లావాపియేస్ వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఫ్రొయిలాన్ తెల్లవారకుండానే మిగిలిన బొమ్మల కట్టలు గాడిద మీద వేసుకుని సంఘంవాళ్ళ దగ్గరికి పోయాడు. పూజ అయ్యాక గుడి పక్కన ఊటబావి దగ్గర వాటిని పంచుతారు. బ్రిహిదా రోట్లో వెల్లుల్లి నూరుతోంది. అటక మీద దగ్గు వినబడ్డప్పుడల్లా రోకలి గట్టిగా వేస్తోంది.

తలుపు తట్టలేదు, తోసుకుని వచ్చారు. ముందు డాన్ ఎవరిస్తో, వెనక పత్రాలు రాసే లేఖరి. భటులెవరూ లేరు. భటులు లేకుండా వచ్చిన న్యాయాధికారిని చూస్తే నాకు ఇంకా భయం వేసింది.

"కూర్చోండి దొరా," అన్నాను.

"కూర్చునే చోటుందా ఇక్కడ? అంతా నూనె." చేతిరుమాలుతో బల్ల అంచు తుడిచి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. "పండగ రోజు కూడా పనేనా సెలెదోనియో? మైదానానికి పోలేదేం?"

"మోకాళ్ళ నొప్పులు దొరా."

"దమాసోకి కూడా మోకాళ్ళ నొప్పులేనా? కనబడటం లేదు."

"ఎక్కడో జరగోజాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళాడు."

"ఆహా." ఆయన అంగీలోంచి గాడిద బొమ్మ ఒకటి తీసి బల్లమీద పరిచాడు. కొనుక్కున్న బొమ్మే. కింద ఎవరో దుడుకు చేత్తో ఆయన పేరు కూడా రాసి పెట్టారు. మా ఊళ్ళో ఇలాంటి బొమ్మలు కొన్నవాళ్ళకి అదో సరదా. ఎవరిదని తోస్తే వాళ్ళ పేరు రాసుకుంటారు. "ఇది ఎవరు?"

"గాడిద దొరా."

రోకలి ఆగింది. బ్రిహిదా నవ్వు ఆపుకోడానికి తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకుంటోందని నేను వెనక్కి చూడకుండానే చెప్పగలను.

"ఏ గాడిద?"

"నాకేం తెలుస్తుంది? నేను మర తిప్పేవాణ్ణి. నాలుగక్షరాలు వచ్చేలోపే మా నాన్న బడి మాన్పించాడు. నా దగ్గరికి రాగి వస్తుంది, నా దగ్గర్నుంచి కాగితం పోతుంది."

"చాలామంది ఇది నేనే అంటున్నారు."

మేస్త్రి నేర్పిన పాఠం గడగడా అప్పజెప్పాను. "అపచారం దొరా! జనానికి కళ్ళు లేవు. చూడండి, దీనికి పువ్వు కుడి కంట్లో. తమరిది ఎడమ. తమరికీ దీనికీ పోలికెక్కడ? అయినా తమరే ఇది నేనంటే, తమరి మాటకి నేను అడ్డు చెప్పను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడని మేమంతా కాచుకుని కూర్చున్నాం కదా. ఆయన తడుముకోలేదు. నవ్వాడు. మంచి కన్ను నవ్వింది, రెండోది ఎప్పట్లా తెల్లగా నా భుజం పక్కనుంచి ఎటో చూస్తోంది.

"మా ఇంట్లో హెర్మినియా అని ఒక పెద్దావిడ ఉంది," అన్నాడు. "నన్ను పెంచిన మనిషి. నా కన్ను బాగుపడుతుందని ఇంకా నమ్ముతుంది. సంఘంవాళ్ళు పెద్దిళ్ళకి బొమ్మలు ముందే పంపుతారు కదా. నిన్న సాయంత్రం పునీతుడి ఊటనీళ్ళు తెప్పించి, బొమ్మని అందులో తడిపి, నా కంటిమీద వేసింది."

దాంట్లో వింతేమీ లేదు. ఊళ్ళో అందరూ చేసేదే. జ్వరానికి నుదుటి మీద, వాపుకి కాలిమీద, పిల్లల్లేనివాళ్ళకి పొట్టమీద. అందుకే పునీతుడి బొమ్మకి నేను ఎప్పుడూ కాస్త మందం కాగితమే వాడతాను, నీళ్ళలో చిరగకుండా. కానీ కాగితం ఎంత మందమైనా, తడిస్తే వెనకనున్నది ముందుకి కనబడుతుంది.

నాకు అర్థమైంది. ఆయన అంగీలోంచి రెండో కాగితం తీసేలోపే అర్థమైంది. 

"కంటిమీంచి తీసి, దణ్ణం పెట్టుకుందామని ఎత్తింది. పునీతుడి పక్కన నాగలి, నాగలికి రెండు ఎద్దులు. ఎద్దుల వెనక ఇంకో తల. ఇదేమిటయ్యా, ఎద్దుకి ఇంత చెవులేమిటని అడిగింది నన్ను." ఆయన ఆ బొమ్మని బోర్లా తిప్పి, గాడిద బొమ్మ పక్కన పెట్టాడు. "చూడు."

పునీతుడి వీపు మీద, లేత బూడిదరంగులో, నీడలాగా గాడిద. అంగీ, తక్కెడ, కోళ్ళు, అన్నీ. పచ్చి అచ్చు మీద కాగితం పడి, కాగితం మీద రాయి పడితే సిరా పైకి ఎక్కుతుంది. ఎక్కినది మళ్ళీ తిరగబడుతుంది. కాగితం మీద కుడి అయింది మళ్ళీ ఎడమ అవుతుంది. పువ్వు ఎడమ కంట్లో ఉంది. ఆ కన్ను ఈ కన్ను ఒకటే. గీసినవాడి చేతి పనితనం అప్పుడు తెలిసింది నాకు. ఆ మూతి మీది గర్వం, ఆ కింది పెదవి వేలాడటం, ఎదురుగా నిలబడ్డ మనిషిని అద్దంలో చూసినట్టే ఉంది.

అద్దుడు కాగితం ఒక్కటి కూడా పెట్టలేదు ఆ వెధవ.

 చివరికి ఉన్న ఒక్క ఆధారాన్నీ పట్టుకుని వేలాడాను. "అయితే దొరా, ఇది తమరేనని సభలో..."

"నేనెందుకు అంటాను?" అన్నాడాయన నెమ్మదిగా. "నువ్వు తెలివైనవాడివనుకున్నాను. గాడిద ఎవరైతే ఎవడికి కావాలోయ్? అది ఎవరి వీపు మీద ఉంది? పునీత ఇసిద్రో వీపు మీద. గుడిలో దీవించి పంపిన బొమ్మ. దీన్ని నేను న్యాయసభకి తీసుకుపోను. రెండు వీధుల అవతల, మతద్రోహుల్ని పట్టి శిక్షించే మతవిచారణ వాళ్ళకిస్తాను. అపవిత్రం చేసిందెవరని వాళ్ళు అడుగుతారు. గాడిదెవరని అడగరు. నీ పేరు పునీతుడి కాళ్ళ దగ్గర నువ్వే అచ్చు వేసుకున్నావుగా, సెలెదోనియో బార్కెరో మర అని."

నిజమే. ప్రతి బొమ్మ కిందా నా పేరు ఉంటుంది. మా నాన్న పేరు ఎక్కడా అచ్చు కాలేదని, నా పేరైనా కావాలని పెట్టుకున్నాను.

బ్రిహిదా రోటి దగ్గర్నుంచి లేచి వచ్చింది. చేతిలో రోకలి అలాగే ఉంది. "దొరా, తమరికేం కావాలో చెప్పండి. ఇచ్చేసేటట్టయితే నిన్ననే ఇచ్చేసేవారు. పొద్దున్నే ఇంత దూరం నడిచొచ్చారంటే బేరానికే."

"మీ ఆవిడకి చదువు రాకపోయినా లెక్క వచ్చు," అని ఆయన లేఖరికేసి చూశాడు. లేఖరి సంచిలోంచి పత్రం తీశాడు. ముందే రాసుకొచ్చారు. తేదీ కూడా వేసి ఉంది. సంతకానికి జాగా మాత్రం వదిలారు.

"మొరాతాలో నీకు తోట ఉంది. దాని పక్కది నాది. మధ్యలో నీ గట్టు నాకు అడ్డం. రేకు నా చేతికివ్వు, ఇందులో సంతకం పెట్టు. ఈ బొమ్మ నీ కుంపట్లో నువ్వే కాల్చుకో. దమాసో జరగోజాలో ఉన్నాడని నేనూ నమ్ముతాను."

ఆఖరి మాట అంటూ అటకకేసి చూడలేదు. చూడకపోవడంలోనే ఉంది అంతా.

లేఖరి చదివాడు. అమ్మకం. ఖరీదు సొమ్ము పూర్తిగా ముట్టినట్టు రాసి ఉంది.

"ముట్టిందా ఏమయ్యా?" అంది బ్రిహిదా నాకేసి తిరిగి. "నాకు చెప్పకుండా ఏ చెప్పులో దాచావు?" తర్వాత ఆయనకేసి తిరిగింది. "ఆ తోట తవ్వింది మా మామ దొరా. రాళ్ళగుట్ట అది. మీ పునీతుడు కళ్ళు మూసుకుని జపం చేస్తుంటే దేవదూతలు వచ్చి దున్నిపెట్టారట. మా మామకి ఎవరూ రాలేదు. నడుం విరిగేదాకా ఆయనే దున్నాడు."

"మంచి పనివాడు," అన్నాడు డాన్ ఎవరిస్తో. "నాకు అలాంటివాళ్ళంటే గౌరవం."

అప్పుడు నేను ఆలోచిస్తున్నది తోట గురించి కాదు. ఒక్క పునీతుడి వీపు మీద గాడిద ఉందంటే, మధ్యలో అద్దుడు కాగితం లేదంటే, ఆ దొంతరలో ఉన్న పునీతులందరి వీపుమీదా ఉన్నట్టే. ఆ కట్టలు ఇప్పుడు మైదానంలో ఉన్నాయి. పూజ అయితే పంచుతారు. పంచితే ఊటలో ముంచుతారు. పూజ అయిందని కొట్టే గంట ఇంకా మోగలేదు. ఈయన త్వరగా వెళ్ళిపోతే, నేను పరిగెత్తితే, పూజ అయ్యేలోపు ఆ కట్టలు పట్టుకోగలను. తాగినవాడిలా నటించి నదిలోకి తోసేస్తాను. సంఘంవాళ్ళు కొట్టనీ.

"ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?" అన్నాడాయన, నా మనసులోంచి మాట లాక్కున్నట్టు.

"ఇదొక్కటే దొరా," అన్నాను. "అడుగున ఒకటి జారి అంటుకుంది."

"నిజంగా?"

"నా పిల్లల... మాకు పిల్లల్లేరు దొరా. మా నాన్న సమాధి మీద ఒట్టు."

బ్రిహిదా నా మొహంలోకి చూసింది. ఆవిడ తమ్ముడి సంగతి నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. పోయి సిరాబుడ్డి తెచ్చింది. అచ్చుసిరా కాదు, రాతసిరా. నా ముందు పెట్టి, "తొందరగా కానీ," అంది గొంతు తగ్గించి.

మర కింద ఉన్ని కంబళి మడతలోంచి రేకు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు. తన బొమ్మ తను చూసుకునే మనిషి ఎవరైనా అంతసేపు చూస్తాడు. ఒకసారి వేలితో ఆ కన్ను మీద తడిమాడు కూడా. ఒక్క క్షణం నాకు ఆయన మీద జాలి వేసిందంటే ఎవరూ నమ్మరు. తర్వాత రేకుని లేఖరి సంచిలో పడేశాడు. అది లోపల ఏదో గాజుకి తగిలి ఠంగుమంది.

అటక మీద దగ్గు. బ్రిహిదా రోకలి నేలకేసి కొట్టింది. "ఎలకలు!"

సంతకం పెట్టాను. నా పేరు నేను రాయగలను, అంతవరకూ చదువుకున్నాను. లేఖరి ఇసక చల్లి, ఊది, మడిచి, అంగీ లోపల పెట్టుకున్నాడు. డాన్ ఎవరిస్తో మాట తప్పలేదు. పునీతుడి బొమ్మ నా చేతికిచ్చాడు. కుంపట్లో పెట్టాను. ముందు గాడిద నల్లబడింది, తర్వాత ఎద్దులు, తర్వాత దేవదూతలు.

"వస్తాను," అని ఆయన చేతిరుమాలు దులుపుకున్నాడు.

అప్పుడు మోగింది గంట. నది అవతలి గంట కాదు. ఆ చిన్న గంట మాదాకా వినబడదని కంగారులో మర్చిపోయాను. మా వీధి చివరి గుడి గంట, ఊరేగింపు తిరిగి వస్తోందని కొట్టేది. పూజ ఎప్పుడో అయిపోయింది. పండగ కదా, ఎండ ముదరకముందే కానిచ్చారు.

నేను తలుపు దగ్గరికి వెళ్ళేలోపే వీధి నిండిపోయింది. జాతరనుంచి వచ్చే జనం చేసే గోల వేరు, ఈ గోల వేరు. నవ్వులు. ఒకరినొకరు పట్టుకుని, గోడలకి ఆనుకుని, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అందరి చేతుల్లోనూ తడిసిన కాగితాలు. బోర్లా తిప్పుతున్నారు, ఎండకి ఎత్తుతున్నారు, పక్కవాడి మొహం పక్కన పెట్టి పోలుస్తున్నారు.

మా ఎదురింటి అనిసేతా, తీపి రొట్టెలమ్మే మనిషి, బుట్ట నెత్తిన పెట్టుకునే లోపలికి వచ్చేసింది. "ఓరి సెలెదోనియో! బ్రిహిదా, ఎక్కడున్నావే! అద్భుతం జరిగింది! మా ఆయన నడుం నొప్పికని ముంచానే, ఇసిద్రో పునీతుడు ఆ ఒంటికన్నోణ్ణి వీపున మోసుకొచ్చాడే! అచ్చం వాడే! అదే కన్ను! అదే మూతి! మా ఆయన నొప్పి మర్చిపోయి పడీపడీ..." తడి కాగితం తిప్పి నా మర మీద చప్పున అంటించింది. అప్పుడు చూసింది మూల నిలబడ్డ మనిషిని. నోరు అలాగే ఉండిపోయింది. బుట్ట జారింది. రొట్టెలు సిరా మరకల మీద దొర్లాయి.

ఎవరూ కదల్లేదు. డాన్ ఎవరిస్తో నెమ్మదిగా వచ్చి మర ముందు నిలబడ్డాడు. తడి కాగితం మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయనా గాడిదా ఒకరినొకరు చూసుకున్నారు.

"ఒక్కటే అన్నావు," అన్నాడు.

 వీధిలో ఎవరో గాడిదలా ఓండ్రపెట్టారు. ఇంకొకరు అందుకున్నారు. అంతలో వీధి అంతా ఓండ్రపెట్టసాగింది.

ఆ గోలకి మా ఇంటి పైనుంచి జవాబు వచ్చింది. దగ్గు కాదు. నవ్వు. దమాసో మేస్త్రి నవ్వుతున్నాడు. ఏభై ఏళ్ళు రాగి గీసి, ఎన్నడూ ఒక్క వీధి కూడా తన బొమ్మ చూసి ఇలా నవ్వగా విననివాడు, అటక మీద గడ్డిలో పడుకుని, ఊపిరాడక, ఆపుకోలేక, పెద్దగా నవ్వుతున్నాడు. బ్రిహిదా రోకలి ఎత్తింది గాని, ఆ నవ్వుని కప్పే రోకలి దేశంలో లేదు.

డాన్ ఎవరిస్తో తల ఎత్తాడు. "జరగోజా చాలా దగ్గరే," అన్నాడు. లేఖరితో, "భటుల్ని పిలువు," అన్నాడు. అని, తనే అటక నిచ్చెన మీద కాలు పెట్టాడు.

నేను ఆయన అంగీ అంచు పట్టుకున్నాను. పట్టుకున్న చెయ్యి, ఇందాక సంతకం పెట్టిన చెయ్యే. అప్పటికి ఆ పత్రం లేఖరి గుండెల మీద భద్రంగా ఉంది. అందులో నేను రాసిచ్చినవి: మొరాతాలో, తహూన్యా ఏటికి ఎగువన, పదకొండు అరంసాదాల నేలలో ద్రాక్షతోట, గట్టుమీద నలభై మూడు ఆలివ్ చెట్లు, రాతి గుడిసె ఒకటి, బావిలో సగం.